టికెట్ అడిగిన పిల్ల

సంఘానికి లీడరు ఒకరో ఇద్దరో ఉంటారు. మరి మిగతావాళ్ల పనేమిటి? "అన్నీ ఆవిడే చూసుకుంటుందిలే, మనకెందుకు" అనేవాళ్లు చాలామంది. కానీ సభ్యురాలిగా ఉండడం కూడా నేర్చుకోవలసిన పనే.

ఏలూరులో రైలెక్కితే తాడేపల్లిగూడెం వస్తుంది. గోదావరి దాటితే రాజమండ్రి. ఆ ఊళ్లో 1909లో దుర్గాబాయి పుట్టింది. చిన్నతనంలోనే హిందీ నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకోలేదు. తనే బడి పెట్టి ఆడవాళ్లకు నేర్పింది. తనకన్నా పెద్దవాళ్లు కూడా ఆ పిల్ల దగ్గర కూర్చుని చదువుకున్నారు. అంటే అప్పటికే ఆమె పదిమందిని నడిపించే మనిషి.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడ ఖద్దరు ప్రదర్శన కూడా పెట్టారు. దుర్గాబాయి అక్కడ వాలంటీరు. వయసు 14 ఏళ్లు. ఆమెకు చెప్పిన పని చిన్నదే. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపకూడదు.

ఇంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. తరవాత మన మొదటి ప్రధానమంత్రి అయింది ఆయనే. ఆయన దగ్గర టికెట్ లేదు. దుర్గాబాయి ఆపేసింది. పెద్దలు కంగారుపడి ఆమెను కోప్పడ్డారు. తనకు అప్పగించిన పనే చేస్తున్నానంది ఆమె. చివరికి వాళ్లు నెహ్రూకు టికెట్ కొన్నారు. అప్పుడు లోపలికి పంపింది. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నారు.

అందరూ ఈ కథలో పిల్ల ధైర్యాన్నే చెబుతారు. నెహ్రూ సంగతి కూడా చూడండి. అంత పెద్ద నాయకుడు ఒక చిన్న పిల్ల చెప్పిన నియమానికి ఆగారు. ఆ కాసేపూ నడిపించింది ఆమె, నడిచింది ఆయన.

దుర్గాబాయి 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లింది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. మన రాజ్యాంగం రాసిన సభలో సభ్యురాలైంది.

ఇప్పుడు మన డ్వాక్రా సంఘానికి వద్దాం. కొల్లేటి లంక ఊళ్లో ఒక సంఘం ఉందనుకోండి. పదిమంది సభ్యులు. నెలకు తలా 100 రూపాయల పొదుపు. మొత్తం 1,000 రూపాయలు. లీడరు బ్యాంకులో కట్టి వచ్చింది. పాసుపుస్తకంలో 900 అని ఉంది. బ్యాంకులో తప్పు రాశారా? ఒకరు డబ్బు ఇవ్వలేదా? లేక లీడరే వాడుకుందా? ఆ నెలలోనే చూస్తే పది నిమిషాల్లో తేలుతుంది. ఏడాది తరవాత చూస్తే తగువే. లెక్క అడగడం అంటే అనుమానించడం కాదు. ఎవరూ లెక్క అడగని చోట మంచి లీడరుకు కూడా చెడ్డపేరు వస్తుంది.

బ్యాంకు అప్పు సంఘం పేరు మీద ఇస్తుంది. ఒకరు కట్టడం మానేస్తే అందరికీ ఇబ్బందే. అందుకే మీటింగుకు రావాలి. నచ్చకపోతే అక్కడే, అందరి ముందే గట్టిగా చెప్పాలి. అందరూ కలిసి తీర్మానం చేశాక మాత్రం అరుగుల మీద కూర్చుని వేరే మాట చెప్పకూడదు. మాట వినడమంటే తల ఊపడం కూడా కాదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమంటే, ఎవరు చెప్పినా పెట్టొద్దు.

అన్నిటికన్నా కష్టమైంది ఇంకొకటి ఉంది. లీడరు మారినప్పుడు పాత లీడరు సభ్యుల్లో కూర్చోవాలి. కొల్లేట్లో దోనె ఎక్కినవాళ్లకు ఇది తెలుసు. గెడ వేసే మనిషి అలిసిపోతే చేతులు మారతాయి. గెడ ఇచ్చేసినావిడ కుదురుగా కూర్చోవాలి. నీళ్లు వస్తే తోడిపొయ్యాలి. అంతేగాని "అటు కాదు, ఇటు పొడువు" అంటూ లేచి నిలబడితే దోనె తిరగబడుతుంది.

మాట్లాడుకోండి:

మీ సంఘం పాసుపుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? మీరు చివరిసారి ఎప్పుడు చదివారు?

మీ సంఘంలో ఇంతవరకు లీడరు కానివాళ్లు ఎవరు? ఎందుకు కాలేదు?