పాతబస్తీ ఇంటికి దస్త్రం కూర్చుకోవడం ఎలా?

పాతబస్తీలో తాతల నాటి ఇల్లున్న ప్రతి కుటుంబానికీ ఏదో ఒక రోజు కాగితాలతో పని పడుతుంది. అన్నదమ్ముల పంపకం కావచ్చు, బ్యాంకు లోను కావచ్చు, పడగొట్టి కట్టుకోవడానికి అనుమతి కావచ్చు. బీరువా తెరిస్తే ఉర్దూలో రాసిన స్టాంపు కాగితం ఒకటి, పన్ను రశీదులు నాలుగు కనిపిస్తాయి. మిగతా కాగితాల్లో చాలావరకు ప్రభుత్వ కార్యాలయాల్లో ఉంటాయి, కాకపోతే అన్నీ ఒక్కచోట ఉండవు. ఏది ఎక్కడ పుట్టిందో తెలిస్తే నకలు తెచ్చుకోవడం మామూలు మనిషికి సాధ్యమైన పనే. దళారీ చేతిలో వేల రూపాయలు పెట్టే ముందు ఈ వరస చదవండి.

ముందు ఇంటి నంబరు సంగతి తేల్చుకోవాలి. హైదరాబాద్ పాత నంబర్లలో మొదటి అంకె మున్సిపల్ వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఆ పైన వచ్చే బై నంబర్లు ఇల్లు ముక్కలైన కొద్దీ పుట్టినవి. ఈ వార్డుకూ కార్పొరేటర్ ఎన్నికయ్యే డివిజన్‌కూ సంబంధం లేదు. రెండింటినీ కలిపేసి దరఖాస్తులో రాస్తే అది తిరిగొస్తుంది. ఆస్తి పన్ను బిల్లు మీద పీటీఐఎన్ అనే పది అంకెల నంబరుంటుంది. దానితో జీహెచ్ఎంసీ వెబ్‌సైటులో చూస్తే ఇల్లు ఎవరి పేర ఉందో, ఎంత బకాయి ఉందో తెలుస్తుంది. అక్కడ చనిపోయిన తాతగారి పేరే కనిపిస్తే కంగారు పడొద్దు. పన్ను రికార్డులో పేరున్నంత మాత్రాన ఇల్లు ఆయనదని రుజువైనట్టు కాదు, పేరు లేనంత మాత్రాన మీ హక్కూ పోదు. నల్లా బిల్లు మీది క్యాన్ నంబరు, కరెంటు బిల్లు మీది యూఎస్‌సీ నంబరు కూడా రాసి పెట్టుకోండి. ఇంట్లో ఎవరున్నారో చెప్పడానికి అవి పనికొస్తాయి.

తర్వాత ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు, దానాలు అందులో వరసగా కనిపిస్తాయి. పాతబస్తీకి చార్మినార్, ఆజంపురా, దూద్‌బౌలి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాలు ముఖ్యమైనవి. మీ మొహల్లా ఏ కార్యాలయం కిందికి వస్తుందో ముందే కనుక్కోండి. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి వివరాలు వెతకవచ్చు. సంతకం, ముద్ర ఉన్న కాగితం కావాలంటే మీసేవలో తీసుకోవచ్చు. 1983కు ముందువైతే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి పుస్తకాల్లో వెతికించాలి. ఇంటి నంబరుతో ఒకసారి, దస్తావేజు నంబరు తెలిస్తే దానితో ఇంకోసారి, బై నంబర్లు మార్చి మరోసారి వెతకండి. ఒకే ఇల్లు రెండు నంబర్లతో నమోదై ఉండడం ఇక్కడ కొత్త కాదు.

ఈసీలో ఏమీ లేదంటే ఇల్లు నిక్షేపంగా ఉందని చాలామంది అనుకుంటారు. పాతబస్తీలో ఈ నమ్మకం ప్రమాదం. రిజిస్టరు కానిదేదీ అందులోకి రాదు. నోటరీ కాగితం మీద కొన్న ఇళ్లు ఈ గల్లీల్లో ఎన్నో ఉన్నాయి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు కాబట్టి వాటి జాడ ఈసీలో ఉండదు. ముస్లిం చట్టం ప్రకారం హిబా, అంటే దానం, నోటిమాటతోనే చెల్లుతుంది. ఇచ్చానని చెప్పడం, పుచ్చుకోవడం, ఇల్లు స్వాధీనం చేయడం జరిగితే చాలు. తల్లి కూతురికి అలా ఇచ్చిన ఇల్లు ఈసీలో ఇప్పటికీ తల్లి పేరే చూపిస్తుంది. వీలునామాలు వేరే పుస్తకంలో నమోదవుతాయి. కాబట్టి ఈసీ తీశాక ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఎవరు ఎవరికి ఏమిచ్చారో అడిగి రాసుకోవాలి.

ఈసీలో దస్తావేజు నంబరు, సంవత్సరం దొరికితే అసలు పోయినా భయం లేదు. సర్టిఫైడ్ కాపీ అడగండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకం నకలును ఎవరైనా రుసుము కట్టి తీసుకోవచ్చు. మీకేం సంబంధం అని కౌంటర్‌లో అడిగితే ఈ సెక్షన్ పేరు మర్యాదగా చెప్పండి. వీలునామా సంగతి వేరు. రాసిన మనిషి బతికుండగా ఆయనకు తప్ప, ఆయన తరఫు ఏజెంటుకు తప్ప దాని నకలు ఇవ్వరు.

నిజాం కాలం కాగితం చేతికొచ్చిందనుకోండి. అందులో తేదీ ఫసలీలో ఉంటుంది. నిజాం రాజ్యపు ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, మొదటి నెల ఆజర్. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన సంవత్సరం వస్తుంది, జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 సెప్టెంబరు దాకా, పోలీసు చర్య జరిగిన ఏడాది. ఇక ఆ కాగితంలోని ఇంటి నంబరు ఇప్పటిది కాకపోవచ్చు. అప్పుడు పట్టుకోవలసింది హద్దులను. ఉర్దూ దస్తావేజుల్లో ‘హుదూదే అర్బా’ అని నాలుగు దిక్కులా ఎవరిల్లుందో, ఏ గల్లీ ఉందో రాస్తారు. తూర్పున ఫలానావారి ఇల్లు అనుంటే, ఆ ఇంటి వారసులు ఇప్పుడు ఏ నంబరులో ఉన్నారో గల్లీలో అడగండి. అలా రెండు హద్దులు కలిస్తే మీ ఇల్లు దొరికినట్టే. దస్తావేజును తెలుగులోకో ఇంగ్లిషులోకో రాయించేటప్పుడు అనువాదకుడి సంతకం, ముద్ర తీసుకోవడం మరవొద్దు. జాగీరు, ఇనాం లాంటి మరీ పాత సంగతులకు తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్రాల భాండాగారం, అంటే స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. మొఘలుల, అసఫ్‌జాహీల కాలపు పార్శీ, ఉర్దూ రికార్డులు అక్కడ భద్రంగా ఉన్నాయి.

నేల ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. నగరంలో పొలాలకున్నట్టు పహాణీలు ఉండవు, టౌన్ సర్వే రికార్డు ఉంటుంది. దాన్నే టీఎస్‌ఎల్‌ఆర్ అంటారు. వార్డు, బ్లాకు, టీఎస్ నంబరుతో రెవెన్యూ శాఖ దగ్గర నకలు అడగాలి. చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ, సైదాబాద్‌లకు వేర్వేరు తహసీల్దారు కార్యాలయాలున్నాయి. టీఎస్‌ఎల్‌ఆర్‌లో సర్కారీ అనో వక్ఫ్ అనో కనిపిస్తే అక్కడే ఆగండి. నాంపల్లి హజ్‌హౌస్‌లోని వక్ఫ్ బోర్డులో గెజిట్ చూసుకోండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ఉన్న నిషేధిత ఆస్తుల జాబితానూ చూడండి. కొనేవాళ్లయితే ఈ రెండూ చూడకుండా బయానా ఇవ్వొద్దు.

ఇంటి కథ తేలాక కుటుంబం కథ. తాతగారి మరణ ధ్రువపత్రం జీహెచ్ఎంసీ రికార్డులో ఉంటే మీసేవలో దొరుకుతుంది. అప్పట్లో నమోదే కాకపోతే ముందు రికార్డు లేదని జీహెచ్ఎంసీ నుంచి రాయించుకుని, ఆపైన ఆర్డీవోకు దరఖాస్తు చేయాలి. జననానికైనా మరణానికైనా గడువు 21 రోజులు, ఏడాది దాటితే మేజిస్ట్రేటు హోదా ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. నిఖా జరిపిన ఖాజీ రికార్డు ఆధారంగా పెళ్లి సర్టిఫికెట్ ఇచ్చేది వక్ఫ్ బోర్డులోని ఖజాత్ విభాగం. పంపకాల దావా ఎప్పుడైనా నడిచి ఉంటే తీర్పు నకలు కోసం పురానీహవేలీలోని సిటీ సివిల్ కోర్టుకు వెళ్లాలి.

ఎక్కడైనా రికార్డు లేదని నోటితో చెప్పి పంపేస్తే అదే మాట కాగితం మీద అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మండల స్థాయి కార్యాలయానికి రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10, తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే పై అధికారికి అప్పీలు. ప్రశ్నలు వేయకండి, రికార్డు పేరు చెప్పి నకలు అడగండి. ‘మా ఇంటికి మ్యుటేషన్ (పేరు మార్పు) ఎందుకు కాలేదు’ అంటే సమాధానం దాటేయవచ్చు. ‘ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తు మీద నడిచిన నోట్‌ఫైలు ప్రతి ఇవ్వండి’ అంటే దాటేయడం కష్టం. సోమవారాల్లో కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరున్న రశీదు తీసుకోండి.

ప్రతి నకలునూ రెండు ప్రతులు తీసి, ఒకటి ఆడపిల్లల దగ్గరా ఉంచండి. పాతబస్తీలో వాటా పోగొట్టుకునేది ఎక్కువగా వాళ్లే, కాగితం చూడకపోవడమే అందుకు పెద్ద కారణం. ఉర్దూ చదవగల పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పాత దస్తావేజులోని హద్దులు ఈ వారమే వాళ్లచేత చదివించి రాసుకోండి. ఈసీ ఆ తర్వాత తీసుకోవచ్చు.