బస్తా మీది పేరు ఎవరిది?

మాకు నంద్యాలలో రైసు మిల్లు ఉంది. మూడేళ్లుగా అమెరికాకు సోనా మసూరి పంపుతున్నాం. అక్కడి డీలరు, ‘బ్రాండు ఇక్కడ నా పేరిట రిజిస్టరు చేయిస్తా, మీకు శ్రమ ఉండదు’ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా సార్?
– ఒక పాఠకుడు, నంద్యాల

ఎంత నమ్మకస్తుడైనా ఒప్పుకోకండి. ట్రేడ్‌మార్కు హక్కు ఏ దేశానిది ఆ దేశానికే. అక్కడ అతని పేరిట నమోదైతే, రేపు మీరు డీలరును మార్చిన రోజున మీ బస్తాలనే అమ్మనీయకుండా అడ్డుపడగలడు. ఏజెంటు చేయించుకున్న నమోదును సవాలు చేసే వీలు పారిస్ ఒప్పందంలో ఉంది. కానీ అక్కడ లాయరును పెట్టుకుని పోరాడాల్సింది మీరే.

మీరు పంపిన బస్తా ఫోటో చూశాను. ‘నంద్యాల సోనా’ అని బారెడు అక్షరాలు. మీ సొంత పేరేమో అడుగున, కుట్టు పక్కన, వేలెడంత. మీరు కాపాడుకోగలిగింది ఆ వేలెడంత పేరునే! ఊరి పేరు, బియ్యం రకం పేరు ఒక్కరి సొత్తు కావు. ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షను కింద అభ్యంతరం వస్తుంది. ముందు మీ పేరును పెద్దది చేయించండి.

తర్వాత బియ్యం వచ్చే 30వ తరగతిలో ఇక్కడ ట్రేడ్‌మార్కు దరఖాస్తు పెట్టండి. మనకు చెన్నై ఆఫీసు. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఫీజు 4,500 రూపాయలు. ఆరు నెలల్లోపు విదేశాల్లో వేస్తే ఇక్కడి తేదీయే అక్కడా చెల్లుతుంది. 2013 జులై 8 నుంచి మన దేశం మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో ఉంది కాబట్టి ఒకే దరఖాస్తుతో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్ కోరుకోవచ్చు. నలుపు తెలుపు గుర్తుకు మూల రుసుము 653 స్విస్ ఫ్రాంకులు, దేశాల రుసుములు అదనం. పరిశీలన మాత్రం ఏ దేశానికి ఆ దేశమే చేస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మొదటి అయిదేళ్లలో ఇక్కడి మార్కు పోతే, దాని మీద ఆధారపడ్డ విదేశీ రక్షణా పోతుంది. బలహీనమైన పేరుతో వెళ్లొద్దని ఇంతగా చెప్పేది అందుకే.

ఆళ్లగడ్డ శిల్పాలకు జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది కదా, విదేశీ గుళ్లకు పంపే మా విగ్రహాలకు ఇంకో రక్షణ ఎందుకు?
– ఒక శిల్పి, ఆళ్లగడ్డ

ఇక్కడి జీఐ మన దేశంలోనే చెల్లుతుంది. పైగా అది ఊరందరిదీ. 2017లో జీఐ పొందిన బనగానపల్లె మామిడి పేరును ఏ వ్యాపారీ సొంతం చేసుకోలేనట్టే, ఆళ్లగడ్డ పేరు కూడా మీ ఒక్కరిది కాదు. మీ శిల్పశాల పేరు మాత్రం, రాతి విగ్రహాలు వచ్చే 19వ తరగతిలో ట్రేడ్‌మార్కుగా నమోదు చేయిస్తే, మీదే అవుతుంది. పీఠం వెనకవైపు ఆ పేరు చెక్కండి. ప్రతి విగ్రహానికీ బిల్లు, ఫోటో, ఓడ రశీదు దాచండి. రేపు తగాదా వస్తే, ఆ పేరు ముందునుంచీ వాడుతున్నది మీరేనని చూపేవి ఆ కాగితాలే.