పక్క వీధికి కరెంటు వచ్చిందట!

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ ఆదివారం గురించి నగరంలో ఎవరిని కదిపినా గంటసేపు చెబుతారు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలి, దెబ్బతిన్న విమానాశ్రయం పైకప్పు, వేళ్లతో సహా లేచిపోయిన చెట్లు... అన్నీ వస్తాయి. ఆ తర్వాతి రెండు వారాల సంగతి మాత్రం అంతగా ఎత్తరు. మనిషి స్వభావం బయటపడేది ఆ రోజుల్లోనే అని నా అభిప్రాయం.

గాలి వీస్తున్నంతసేపు ఇంట్లో ఎవరూ పోట్లాడుకోరు. తలుపుకు బీరువా అడ్డం జరిపి అందరూ ఒకే గదిలో సర్దుకుంటారు. ఏళ్ల తరబడి మాటల్లేని పక్కింటివాళ్లు కూడా "పిల్లల్ని ఇటు పంపించండి" అంటారు. చిరాకులు మూడో రోజో నాలుగో రోజో మొదలవుతాయి. కుళాయి రాదు, ఫోన్లు పలకవు, పాల ప్యాకెట్ ధర రెట్టింపు. సరిగ్గా అప్పుడే కబురు: పక్క వీధికి కరెంటు వచ్చిందట! ఇంటి రేకులు లేచిపోయినా ఓర్చుకున్న మనిషి ఈ ఒక్క మాటకి ఊగిపోతాడు.

ఈ కోపానికి మందు ధ్యానం కాదు, కాస్త సమాచారం. కరెంటు తిరిగి రావడానికి ఒక వరస ఉంటుంది. ముందు పెద్ద టవర్ల లైన్లు, సబ్‌స్టేషన్లు బాగవ్వాలి. తర్వాత ఆసుపత్రులకు, మంచినీటి పంపులకు వెళ్లే ఫీడర్లు. ఆపైన వీధి ట్రాన్స్‌ఫార్మర్లు, చిట్టచివర స్తంభం నుంచి మన మీటరుకు వచ్చే సర్వీసు వైరు. రెండు వీధులు వేర్వేరు ఫీడర్ల మీద ఉంటే ఒకదానికి ముందు రావడం పక్షపాతం కాదు. ఇది తెలిసినవాడు స్తంభమెక్కిన లైన్‌మన్‌ను కిందనుంచి తిట్టడు. (ఆ లైన్‌మన్ ఇల్లూ చీకట్లోనే ఉండి ఉండొచ్చు.)

ఎదురుచూపు తప్పనప్పుడు చేతులకు పని కావాలి. అయితే ఇల్లంతా ఒక్కరోజులో కడిగేయాలని ఆవేశపడితే మధ్యాహ్నానికే నడుమూ మనసూ కూలబడతాయి. ముందు ఫోన్‌లో చార్జింగ్ ఉండగానే పడిన గోడనూ తడిసిన సామాన్లనూ ఫొటోలు తీయండి. నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్లకూ బీమా కంపెనీకీ అవి చూపించాల్సి వస్తుంది. తర్వాత కాగితాలు. తడిసిన సర్టిఫికెట్లనూ పాసుపుస్తకాలనూ ఎర్రటెండలో పడేయకుండా నీడలో, గాలి తగిలేలా పరవాలి. అంటుకున్న పేజీలను బలవంతంగా విడదీయకూడదు. గోడల్లోకి నీళ్లు దిగి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయవద్దు. ఆ రోజుకు ఒక గది చక్కబడితే చాలు.

కొన్ని నష్టాలు ఇలా సర్దితే సర్దుకునేవి కావు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకు రావడానికే ఐదారేళ్లు. తాత పెంచిన తోట తెల్లారేసరికి పడిపోయిన రైతుతో "పాజిటివ్‌గా ఆలోచించండి" అనడం మా వ్యక్తిత్వ వికాస రచయితలకు అలవాటే గానీ, వట్టి మొరటుతనం. ఏ చెట్టు ఎప్పుడు నాటారో, ఏది బాగా కాసేదో అతను చెబుతుంటే వినాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి. ఇంటాయన గుమ్మంలో కూర్చుని రోజుల తరబడి నోరు విప్పకపోతే దాన్ని నిబ్బరం అనుకోకండి. నిద్రా తిండీ కూడా తప్పి, వారాలు గడిచినా తేరుకోకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. పిల్లలు గాలి చప్పుడుకే ఉలిక్కిపడుతుంటే "ఏం కాలేదు" అని బుకాయించవద్దు. జరిగింది వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, టార్చిలైటు కనిపెట్టుకుని ఉండడం లాంటి చిన్న పని అప్పగించండి.

ఇక సాయం. పొరుగూరి నుంచి బావమరిది ఎలాగో ఫోన్ కలుపుకుని "ఏమైనా కావాలా బావా?" అంటాడు. "ఏం వద్దురా, బాగానే ఉన్నాం" అనేస్తాం. నామోషీ. అవతల అతను నిజంగా ఏదో ఒకటి చేద్దామనే అడిగాడు. మన జవాబుతో ఏం చేయాలో తోచక ఊరుకుంటాడు. ఒక టార్పాలిన్, రెండు ప్యాకెట్ల కొవ్వొత్తులు, నాన్నకు బీపీ మాత్రలు, వీలైతే పిల్లల్ని నాలుగు రోజులు మీ ఇంట్లో ఉంచుకోండి అని పేరుపేరునా చెబితే, సాయంత్రం బస్సుకే బయలుదేరి వస్తాడు.