మరకానా గోల్‌కీపర్ బార్బోసా

సాయంత్రం గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు మనం ఏం చేస్తాం? పరుగెత్తలేనివాణ్ణో, చిన్న తరగతివాణ్ణో గోల్‌లో నిలబెడతాం. గోల్ పడితే అందరం కలిసి వాణ్ణే తిడతాం. పీలే, మారడోనాల పేర్లు మనకు నోటికి వస్తాయి గాని గోల్‌కీపర్ల పేర్లు అడిగితే తడుముకుంటాం. అందుకే ఈ సంచికలో బ్రెజిల్ గోల్‌కీపర్ మొవాసిర్ బార్బోసా గురించి తెలుసుకుందాం.

ఆయన 1921 మార్చి 27న కాంపినాస్‌లో పుట్టారు. నల్లజాతివారు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో, అంటే ఆయన పుట్టేనాటికి 33 ఏళ్లే అయింది. 1945 నుంచి రియో డి జనీరోలోని వాస్కో డ గామా క్లబ్బుకు ఆడారు. ఈ క్లబ్బు గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1923లో నల్లవారితో, కూలి పనులు చేసుకునేవారితో జట్టు కట్టి రియో ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది పెద్ద క్లబ్బులు వేరే లీగ్ పెట్టి, ఆ 12 మంది ఆటగాళ్లను తీసేస్తేనే చేర్చుకుంటామన్నాయి. వాస్కో ఒప్పుకోలేదు.

బార్బోసా చేతి తొడుగులు లేకుండా ఒట్టి చేతులతోనే బంతి పట్టేవారు. 1948లో వాస్కో దక్షిణ అమెరికా క్లబ్బుల ఛాంపియన్ అయింది. 1949లో బ్రెజిల్ దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్ గెలిచింది. రెండింటిలోనూ ఆయనే గోల్‌కీపర్.

ఇక 1950 ప్రపంచ కప్. జూలై 16న మరకానా స్టేడియంలో ఆఖరి మ్యాచ్ ఉరుగ్వేతో. చూడటానికి వచ్చినవారు దాదాపు 2 లక్షల మంది. స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో ఓడించి వచ్చిన బ్రెజిల్‌కు డ్రా అయినా చాలు. 47వ నిమిషంలో ఫ్రియాసా గోల్ కొట్టాడు. 66వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గీజా కుడివైపు నుంచి దూసుకొచ్చి బంతిని మధ్యకు అందించగా స్కియాఫినో గోల్ చేశాడు. 79వ నిమిషంలో గీజా మళ్లీ అదే దారిన వచ్చాడు. ఈసారీ మధ్యకే అందిస్తాడనుకుని బార్బోసా స్తంభం దగ్గర నుంచి కొంచెం ముందుకు జరిగారు. గీజా ఆ సందులోంచే కొట్టాడు. ఉరుగ్వే 2-1తో గెలిచింది.

ఇక్కడ మనం ఆలోచించాలి. బార్బోసా స్తంభాన్నే అంటిపెట్టుకుని ఉండి, బంతి మధ్యకు వెళ్లి గోలయి ఉంటే? అప్పుడూ ఆయన్నే అనేవారు. గీజాను రెండుసార్లు వదిలేసింది రక్షణ వరుస. అన్ని గోల్స్ కొట్టిన జట్టు ఆ రోజు కొట్టింది ఒక్కటే. అయినా నింద ముఖ్యంగా పడింది ముగ్గురి మీద: బార్బోసా, బిగోడే, జువెనాల్. ముగ్గురూ నల్లవారే. నల్లవాణ్ణి గోల్‌లో నిలబెట్టకూడదనే మాట అక్కడ పుట్టింది. అపశకునమని తెల్ల జెర్సీ కూడా మార్చేశారు. ఈనాటి పసుపు జెర్సీ 1954లో వచ్చింది.

ఆయన మాత్రం ఆట మానలేదు. 1952లోనూ 1958లోనూ వాస్కోతో రియో టైటిళ్లు గెలిచారు. జాతీయ జట్టుకు 1953లో మరొక్కసారి ఆడారంతే. ఆ ఏడే కాలు విరిగింది. ఆట విరమించాక అదే మరకానాలో ఉద్యోగం చేశారు! ఒకసారి దుకాణంలో ఒక తల్లి ఆయన్ను తన బిడ్డకు చూపించి, బ్రెజిల్ మొత్తాన్ని ఏడిపించింది ఇతనేనని చెప్పిందట. 1993లో జాతీయ జట్టు శిక్షణ శిబిరానికి వెళితే ఆటగాళ్లను కలవనివ్వలేదు. బ్రెజిల్‌లో అతి పెద్ద శిక్ష 30 ఏళ్లయితే తాను 50 ఏళ్లుగా అనుభవిస్తున్నానని చివరి రోజుల్లో అన్నారు. 2000 ఏప్రిల్ 7న కన్నుమూశారు.

మధ్యలో మాంగా 1966 ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ ఆడాడు. నల్లజాతి గోల్‌కీపర్ ఒకరు ప్రపంచ కప్‌లో బ్రెజిల్‌కు మళ్లీ మొదటి ఎంపికగా నిలిచింది 2006లో. అతని పేరు డిడా.