యౌవనము, పందెము, ప్రేక్షకులు

అర్ధరాత్రి శ్మశానములో మేకు దిగగొట్టి రమ్మని పందెము కాసిన కథ మన పల్లెలలో విననివారుండరు. మోటబావి గట్టుపై నుండి దూకుమని రెచ్చగొట్టిన స్నేహితులు ప్రతి తరమునను ఉన్నారు. నేడు ఆ పందెమే ‘ఛాలెంజ్’ అను పేరుతో సెల్‌ఫోనులోనికి వచ్చినది. ఉర్దూవారు జోష్, హోష్ అని రెండు మాటలు జంటగా వాడుదురు. యౌవనమున మొదటిది ముందు వచ్చును. రెండవది ఆలస్యముగా వచ్చును.

దోషమంతయు ఫోనుదేననుట మాత్రము సరికాదు. ఊపిరాడకుండ చేసికొను ఒక దుష్టమైన ‘ఆట’ వలన 1995 నుండి 2007 వరకు తమ దేశమున 82 మంది పిల్లలు మరణించియుందురని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రము 2008లో తెలిపినది. వారిలో దాదాపు అందరును ఒంటరిగా ఉండగనే మరణించిరి. టిక్‌టాక్ అప్పటికి పుట్టనే లేదు.

అయినచో ఫోను చేసిన మార్పేమి? స్టైన్‌బర్గ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడును, గార్డ్‌నర్ అను పరిశోధకురాలును 2005లో ప్రకటించిన ప్రయోగమొకటి గమనింపదగినది. కంప్యూటరు తెరపై కారు నడుపుట అందులోని ఆట. పసుపు దీపము వెలిగిన పిదప ఎంత దూరము పోయిన అన్ని పాయింట్లు. ఆగకమునుపే ఎఱ్ఱ దీపము వెలిగినచో ప్రమాదము. మిత్రులు ప్రక్కనుండగా పదమూడు నుండి పదునాఱేండ్ల వారు మఱింత తెగించిరి. పెద్దలలో ఆ మార్పు అంతగా లేదు. 2011 నాటి మఱియొక ప్రయోగములో మిత్రులు ప్రక్క గదిలో నుండి చూచుచున్నారని తెలిసినంతనే, బహుమతికి స్పందించు మెదడు భాగములు కిశోరులలో అధికముగా చైతన్యము పొందినవి. నేడు ఆ ‘ప్రక్క గది’ లోకమంత పెద్దదైనది.

పెద్దలమును తప్పు చేయుదుము. 2017లో ‘బ్లూ వేల్’ పిల్లలను బలిగొనుచున్నదని దేశమంతట గగ్గోలు పుట్టినది. ఏ మరణమునకును ఆ ఆట కారణమని రుజువు కాలేదని 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపినది. ఆ పేరు విననివారికి దానిని పరిచయము చేసినది మన భయమేనేమో!

మా తరగతి విద్యార్థి యొకడు కదలుచున్న బస్సు మెట్టుపై ఒంటిచేత వ్రేలాడుచు వీడియో తీయించుకొని జారిపడినాడు. మణికట్టు విరిగినది. చూడబోయి, “ఎందుకు చేసినావు బేటా?” అని అడిగితిమి.

“వద్దురా అని ఒక్కడన్న అంటే దిగేటోణ్ణి సార్. అందరు ఫోన్లే పట్టుకున్నరు.”

రాబోవు ప్రథమ సంవత్సర విద్యార్థుల సమావేశములో, ఆటల పేర్లు చెప్పి భయపెట్టు ఉపన్యాసమునకు మారుగా, ఈ బాలునకు పది నిమిషములు ఇప్పింపుడని కమిటీవారిని కోరియున్నాము. అతడు ఒప్పుకొన్నాడు. ఉర్దూలో మాట్లాడుదునన్నాడు.