మాట నేర్చుకుందాం: 'మర్యాద'

ఈ దసరా, దీపావళి సంచికలో మనం నేర్చుకోబోయే మాట 'మర్యాద'.

ఇది సంస్కృతం నుంచి మనకు వచ్చిన మాట. అసలు అర్థం హద్దు, పొలిమేర. పాణిని వ్యాకరణంలో కూడా ఫలానా చోటి వరకు అని హద్దు చెప్పే సందర్భంలో ఈ మాటే కనిపిస్తుంది. ధర్మం గీసిన హద్దు దాటనివాడు కనుకనే శ్రీరాముడు మర్యాదా పురుషోత్తముడు. తెలుగువారి వాడుకలో ఎదుటివారి మనసెరిగి నడుచుకోవడమే మర్యాద.

వాడుక చూద్దాం.

మర్యాద ఇవ్వడం అంటే గౌరవించడం: పెద్దలకు మర్యాద ఇవ్వాలి.

మర్యాదలు చేయడం, బహువచనంలో, అంటే అతిథిని ఆదరించడం: కొత్త అల్లుడికి మర్యాదలు చేశారు.

మర్యాదగా, క్రియావిశేషణం: మర్యాదగా మాట్లాడు. కోపంగా అంటే ఇదే బెదిరింపు: మర్యాదగా ఇచ్చెయ్!

మర్యాద గలవారు మర్యాదస్తుడు, మర్యాదస్తురాలు. వ్యతిరేక పదం అమర్యాద.

మన క్రియల్లోనూ మర్యాద ఉంది. చిన్నవారిని 'నువ్వు రా' అంటాం. పెద్దవారు ఒక్కరే అయినా 'మీరు రండి' అని బహువచనం వాడతాం. ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యూ'. అందుకే క్యారీలో పుట్టి పెరిగిన మన పిల్లలు ఇక్కడ తడబడతారు.

క్రిందటి పండుగకు ప్రసాదం వరుసలో నిలబడలేక గోడకు ఆనుకున్న ఒక బామ్మగారితో ఒక బాబు, "నువ్వు కూర్చో, నేను తెస్తా" అన్నాడు. "పెద్దవాళ్ళను నువ్వు అంటావా!" అని మేమే అందరి ముందూ గద్దించాం. బాబు ముఖం చిన్నబోయింది. ప్రసాదం తెచ్చి ఇచ్చాడు గానీ, ఆ రోజంతా మళ్ళీ తెలుగు మాట్లాడలేదు. బామ్మగారు మాత్రం, "నేను నిలబడలేకపోతున్నానని చూసింది వాడొక్కడే కదమ్మా" అన్నారు.

మాకు సిగ్గేసింది. బాబుకు తెలియనిది 'అండి' ఒక్కటే. మేము మరిచిపోయింది మర్యాదనే. హద్దు దాటింది మేము.

పిల్లలకు అభ్యాసం: "మీరు కూర్చోండి బామ్మగారూ, నేను తెస్తానండి." ఈ వాక్యం ఇంట్లో ఐదుసార్లు పలకండి. అమ్మను 'నువ్వు' అనడం చాలా ఇళ్ళలో చనువే, తప్పు కాదు.

పెద్దలకు అభ్యాసం: పిల్లల మాట దిద్దాలంటే ముందు వారు చేసిన మంచి పనిని మెచ్చుకుందాం. ఆపైన పక్కకు పిలిచి, మెల్లగా, మర్యాదగా చెబుదాం.

అందరికీ పండుగ శుభాకాంక్షలు.