మొరాయించే గేరు

అది 2004వ సంవత్సరం వేసవి. మా మేనమామ విజయవాడలో ఒక పాత మారుతి 800 కారును అద్దెకు నడుపుతూ కుటుంబాన్ని పోషించుకొనేవారు. నెలరోజులుగా ఆ కారులో గేరు మార్చడం కష్టమైంది. ఉదయం బయలుదేరినపుడు కొంత నయంగానే ఉండేది. బందరు రోడ్డులో రద్దీ పెరిగి, క్లచ్‌ను పదేపదే తొక్కవలసి వచ్చినపుడు మాత్రం మొదటి గేరు రాయిలా బిగుసుకొనేది. రివర్సు వేయబోతే కరకరమని చప్పుడు. ఒక మరమ్మతుశాలలో చూపించగా గేరుబాక్సు దించాలనీ, పన్నెండు వేల రూపాయలు అవుతుందనీ చెప్పారు. ఖర్చులు పోను ఆయనకు మిగిలే దానితో పోలిస్తే అది చిన్న మొత్తం కాదు. తాకట్టు పెట్టుకొమ్మని అత్తయ్య తన గాజులు తీసి ఇచ్చింది కూడా.

ఆ పన్నెండు వేలు నిజంగా అవసరమా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే గేరు ఎందుకు పడుతుందో ముందుగా తెలియాలి. ఎందుకు పడుతుందో తెలిసినవారికే ఎందుకు పడడంలేదో అర్థమవుతుంది.

ఇంజను తిరుగుతున్నంతసేపూ దాని చివరనున్న ఫ్లైవీలు తిరుగుతూనే ఉంటుంది. కారు నిలిచి ఉన్నపుడు కూడా అది నిమిషానికి సుమారు 800 నుండి 900 చుట్లు తిరుగుతుంది. ఈ ఫ్లైవీలుకూ, ప్రెషర్ ప్లేటుకూ నడుమ క్లచ్ ప్లేటు బిగిసి ఉండి ఇంజను శక్తిని గేరుబాక్సులోని షాఫ్టుకు అందిస్తుంది. పెడలు తొక్కినపుడు ఒక ఫోర్కు రిలీజ్ బేరింగును ముందుకు నెడుతుంది. దానితో ప్రెషర్ ప్లేటు వెనుకకు జరిగి, క్లచ్ ప్లేటు విడివడుతుంది. అంటే ఇంజనుకూ గేరుబాక్సుకూ తాత్కాలికంగా సంబంధం తెగిపోతుంది. గేరు మార్చవలసినది ఆ క్షణంలోనే.

సంబంధం తెగినంత మాత్రాన గేరు పడదు. గేరుబాక్సులో వేర్వేరు వేగాలతో తిరిగే రెండు భాగాలు ఒకదానిలో ఒకటి ఇమడాలి. తొలినాటి కార్లలో ఈ వేగాలను సరిపోల్చే భారమంతా డ్రైవరుదే. 1928లో అమెరికాలోని కాడిలాక్ సంస్థ తన కార్లలో సింక్రోమెష్ అనే ఏర్పాటును ప్రవేశపెట్టిన తరువాత ఆ భారం క్రమంగా తగ్గింది. ప్రతి గేరు పక్కన శంకువు ఆకారపు లోపలి అంచుగల ఇత్తడి వలయం ఉంటుంది. అది ముందుగా గేరును ఒరుసుకొని, ఘర్షణ చేత రెండు వేగాలనూ సమం చేస్తుంది. వేగాలు కలిసేవరకు అది దారి ఇవ్వదు. ఈ ఒక్క వాక్యం మనం గుర్తుంచుకోవలసినది. క్లచ్ పూర్తిగా విడవకపోతే ఇంజను ఆ షాఫ్టును కొద్దికొద్దిగా తిప్పుతూనే ఉంటుంది. అపుడు ఇత్తడి వలయం ఎంత ప్రయత్నించినా వేగాలను కలపలేదు, దారి విడువలేదు. డ్రైవరు చేతికి తెలిసేది మాత్రం ‘గేరు గట్టిగా ఉంది’ అన్న సంగతి ఒక్కటే. లోపం క్లచ్‌ది, నింద గేరుబాక్సుకు!

మా మామయ్య కారును చివరకు ఆటోనగర్‌లో ఒక వృద్ధ మేస్త్రీ చూశారు. ఆయన బానెట్ తెరవలేదు. ఇంజను ఆపమని, “ఇప్పుడు గేర్లన్నీ వరుసగా వెయ్యి బాబూ” అన్నారు. నాలుగు గేర్లూ, రివర్సూ మెత్తగా పడ్డాయి. తరువాత ఇంజను వేసి, క్లచ్ తొక్కి ఐదారు క్షణాలు ఆగి రివర్సు వేయమన్నారు. కరకరమంది.

ఈ రెండు పరీక్షలకూ ఖర్చు లేదు. పనిముట్టు కూడా అవసరం లేదు. ఇంజను ఆగి ఉన్నపుడు తేలికగా, నడుస్తున్నపుడు కష్టంగా గేరు పడితే లోపం సాధారణంగా క్లచ్ విడవకపోవడంలోనే ఉంటుంది. రెండు సందర్భాలలోనూ గట్టిగానే ఉంటే గేరు కర్రకూ గేరుబాక్సుకూ నడుమనున్న కడ్డీలనో, గేరుబాక్సు లోపలి భాగాలనో అనుమానించాలి. ఇంజను ఆపినపుడు పళ్ళు ఎదురెదురుగా నిలిచి ఏదో ఒక గేరు పడకపోవచ్చు. కారును ఒక జానెడు ముందుకు తోసి మళ్ళీ ప్రయత్నిస్తే పడుతుంది. దానిని లోపంగా భావించరాదు. రివర్సు పరీక్షకు కారణం వేరు. చాలా కార్లలో రివర్సుకు ఇత్తడి వలయం ఉండదు. క్లచ్ నిజంగా విడిస్తే లోపలి షాఫ్టు కొద్ది క్షణాలలో తనంతట తాను ఆగిపోతుంది, చప్పుడు రాదు. అంతసేపు ఆగినా చప్పుడు వచ్చిందంటే ఎవరో దానిని తిప్పుతున్నారన్నమాట. తిప్పగలిగేది ఇంజను తప్ప వేరొకటి లేదు.

అపుడు మేస్త్రీ ఇంకొక ప్రశ్న వేశారు. “ఈ నెలలో క్లచ్ వైరు ఎన్నిసార్లు బిగించారు?”

“మూడుసార్లు మేస్త్రీ గారూ. బిగించిన రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే” అన్నారు మామయ్య.

ఆయన వంగి చూశారు. వైరు చివరనున్న మర దాదాపు అంతా అయిపోయి, నట్టు అంచుకు చేరుకొంది. “గేరుబాక్సు జోలికి పోవద్దు” అన్నారు.

ఆయనకు ఏమి తెలిసింది? పెడలు పది, పన్నెండు సెంటీమీటర్లు కిందికి దిగినా రిలీజ్ బేరింగు కదిలేది సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే. క్లచ్ ప్లేటుకు ఇరువైపులా ఏర్పడే సందు ఒక మిల్లీమీటరు కంటే తక్కువ. కనుక నడుమ ఎక్కడైనా కొంచెం కదలిక నష్టపోయినా ఆ సన్నని సందు మూసుకొనిపోతుంది. మారుతి 800లో ఈ కదలికను అందించేది ఉక్కు పోగులు పేనిన ఒక వైరు. దానిలో ఒక్కొక్క పోగు తెగుతున్నకొద్దీ మిగిలిన పోగులమీద భారం పెరిగి వైరు సాగుతుంది. సాగినంత మేర కదలిక వృథా అవుతుంది. ఒకసారి బిగిస్తే నెలల తరబడి నిలవవలసిన వైరు రెండు రోజులకే వదులైతే అది సాగుతున్నదని కాక మరేమని అర్థం?

వైరును బిగించడంలోనూ ఒక మర్మం ఉంది. పెడలును వేలితో నొక్కినపుడు మొదట కొంత దూరం అది తేలికగా దిగాలి. దీనిని మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. చాలా చిన్న కార్లలో ఇది సుమారు 15 నుండి 25 మిల్లీమీటర్లు ఉంటుంది. సరియైన కొలత ఆ కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. ప్లే మరీ ఎక్కువైతే క్లచ్ విడవదు, గేరు పడదు. అసలు లేకుండా చేస్తే గేరు హాయిగా పడుతుంది గానీ, బేరింగు ఎల్లవేళలా ఒత్తుకొని ఉండి క్లచ్ ప్లేటు జారడం మొదలవుతుంది. ఇంజను రొద పెరిగినా వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. గేరు గట్టిగా ఉందని వచ్చినవారికి వైరును తెగబిగించి పంపడం కొందరికి అలవాటు. నా దృష్టిలో అది వైద్యం కాదు, జబ్బును మరొక చోటికి తరలించడం. క్లచ్ పెడలుమీద ఎపుడూ కాలు ఆనించి నడిపే డ్రైవర్లు తమకు తెలియకుండా చేసే పని కూడా ఇదే.

అన్ని కార్లకూ వైరు ఉండదు. కొన్నింటిలో పెడలు దగ్గర ఒక సిలిండరు, గేరుబాక్సు దగ్గర మరొకటి ఉండి, వాటి నడుమ గొట్టంలోని ద్రవం ఒత్తిడిని చేరవేస్తుంది. ఇటువంటి కారులో పెడలును వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే గేరు పడి, ఒక్కసారి తొక్కితే పడకపోతే గొట్టంలో గాలి చేరిందనో, సిలిండరులోని రబ్బరు వాషరు అరిగిందనో భావించాలి. ద్రవం మట్టం తగ్గిందేమో, కింది సిలిండరు రబ్బరు తొడుగు తడిగా ఉందేమో చూడాలి. మట్టం తగ్గితే నింపి ఊరుకోవడం కాదు, పోయిన ద్రవం ఎటు పోయిందో వెదకాలి. చాలా కార్లలో ఇది బ్రేకులకు వాడే ద్రవమే. రంగుమీద పడితే రంగు ఊడుతుంది.

వైరు అయినా ద్రవమైనా ఇద్దరు మనుషులుంటే ఒక పరీక్ష చేయవచ్చు. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరు పెడలును పూర్తిగా తొక్కుతుంటే మరొకరు గేరుబాక్సు పక్కనున్న క్లచ్ లీవరును గమనించాలి. పెడలు దిగినా లీవరు సరిగా కదలకపోతే లోపం ఆ రెంటి నడుమనే ఉంది. లీవరు నిండుగా కదిలినా క్లచ్ విడవకపోతే లోపం లోపలిది. ప్లేటు వంకరపోయి ఉండవచ్చు, షాఫ్టు గాట్లు తుప్పుపట్టి ప్లేటు జరగకపోవచ్చు. వానలలో నెలల తరబడి కదలక నిలిచిన కారులో క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అంటుకొనిపోవడం కూడా కద్దు. గేరుబాక్సును దించవలసినది ఇదిగో, ఇటువంటి సందర్భాలలో.

ఇక క్లచ్ బాగానే ఉండి గేరు మొరాయించే సందర్భాలు. గేరు కర్ర నుండి గేరుబాక్సుకు పోయే కడ్డీల కీళ్ళలో చిన్న చిన్న బుష్షులుంటాయి. అవి అరిగితే కర్ర వదులుగా ఊగుతుంది, ఏ గేరు ఎక్కడుందో చేతికి చిక్కదు. ఎండిపోయి తుప్పుపడితే కర్ర అంతటా బిగువుగా ఉంటుంది. ఒకే ఒక్క గేరు కష్టమైతే ఆ గేరు ఇత్తడి వలయం అరిగిందని అనుమానించవచ్చు. ఆదిలాబాద్ చలికాలపు ఉదయాన రెండవ గేరు గట్టిగా ఉండి, నాలుగైదు కిలోమీటర్లు పోయాక మెత్తబడితే చిక్కబడిన నూనె కారణం కావచ్చు. మా మామయ్య కారు ఇందుకు విరుద్ధంగా, వేడెక్కినకొద్దీ మొండికేసింది. దీనిని కూడా మేస్త్రీ అడిగి తెలుసుకొన్నారు.

పాత వైరును ఊడదీసి ఆయన మామయ్య చేతిలో పెట్టారు. పెడలు దగ్గరి కొక్కెం వద్ద పోగులు చాలావరకు తెగి, చీపురులా విచ్చుకొని ఉన్నాయి. మిగిలినవి నాలుగో ఐదో. మరి రెండు రోజులు నడిపితే ఏ రైల్వేగేటు వద్దనో పుటుక్కున తెగేది. కొత్త వైరుకు, కూలికి కలిపి అయినది మూడువందల యాభై రూపాయలు. అత్తయ్య గాజులు తిరిగి ఆమె చేతికి చేరాయి. పాత వైరును మామయ్య పారవేయలేదు. కారు డిక్కీలో స్టెప్నీ పక్కన చుట్టపెట్టి ఉంచుకొన్నారు.